చివరి పరీక్షల చదువు: ఏ పద్ధతి, ఎవరికి, ఎప్పుడు

ఉన్నత పాఠశాల చదువు ముగిశాక రాసే చివరి పరీక్షలకు సిద్ధమవుతున్న విద్యార్థికి పుస్తకాలు, సలహాలు సమృద్ధిగానే దొరుకుతాయి. దొరకనిది సమయమే. ఏడాది పొడవునా చెప్పిన పాఠాలన్నీ కొన్ని వారాల్లో తిరగేయాలి, అదీ ఐదారు సబ్జెక్టులకు ఒకేసారి. అందుకే రోజుకు ఎన్ని గంటలు చదవాలన్న ప్రశ్న కంటే, కూర్చున్న గంటలో ఏ పని చేయాలన్నది ముఖ్యమైన ప్రశ్న. ఇంట్లో పెద్దలు, ఉపాధ్యాయులు, తోటి విద్యార్థులు తలా ఒక పద్ధతి చెబుతారు. వాటిలో ఏది మంచిదో తేల్చడానికి నేను ఇక్కడ ఒకే కొలమానం వాడుతున్నాను: పరీక్ష హాల్లో పుస్తకం ఉండదు, ప్రశ్న ఏ అధ్యాయంలోదో ఎవరూ చెప్పరు, గడియారం మాత్రం ఆగదు, ఈ మూడు పరిస్థితులకు ముందుగానే అలవాటు చేసే పద్ధతి ఏదో అది మిగతావాటి కంటే మెరుగైనది.

మళ్లీ మళ్లీ చదవడమా, చూడకుండా రాయడమా

ఎక్కువ మంది ఎంచుకునేది మొదటిదే. పాఠాన్ని ఒకసారి చదివి, ముఖ్యమనిపించిన వాక్యాల కింద గీతలు గీసి, వారం తర్వాత మళ్లీ అదే పాఠం చదవడం సులభంగా ఉంటుంది, మనసుకు తృప్తినీ ఇస్తుంది. రెండోసారి చదివేటప్పుడు ప్రతి వాక్యమూ తెలిసినట్టే కనిపిస్తుంది కాబట్టి పాఠం వచ్చేసిందన్న నమ్మకం కలుగుతుంది. కానీ చూసినప్పుడు గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. పరీక్ష అడిగేది రెండోదాన్నే.

ఈ తేడా ఎంత పెద్దదో 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనోవిజ్ఞాన పరిశోధకులు విద్యార్థులతో చేయించిన ప్రయోగాల్లో స్పష్టంగా కనిపించింది. ఒక పాఠ్యభాగాన్ని వెంటవెంటనే రెండుసార్లు చదివినప్పుడు, ఐదు నిమిషాల తర్వాత విద్యార్థులు అందులో సుమారు 81 శాతం తిరిగి రాయగలిగారు. ఒకసారి చదివి, రెండోసారి చదివే బదులు చూడకుండా రాసినప్పుడు 75 శాతమే రాయగలిగారు. అంటే అప్పటికప్పుడు చూస్తే చదవడమే గెలిచింది. వారం తర్వాత మాత్రం లెక్క తిరగబడి, చదివిన పద్ధతికి 42 శాతం, రాసిన పద్ధతికి 56 శాతం మిగిలింది. మరో ప్రయోగంలో నాలుగుసార్లు చదివినవారికి వారం తర్వాత 40 శాతం గుర్తుంటే, ఒకసారి చదివి మూడుసార్లు చూడకుండా రాసినవారికి 61 శాతం గుర్తుంది. ఇంకా ఆలోచింపజేసే విషయం ఏమిటంటే, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకం వెలిబుచ్చినవారు నాలుగుసార్లు చదివినవారే. చదువుతున్నప్పుడు కలిగే తృప్తిని బట్టి పద్ధతిని ఎంచుకోకూడదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఆధారం కనిపించదు.

చూడకుండా రాయడం అంటే ఏం చేయాలో ఒక పాఠంతో చూద్దాం. కిరణజన్య సంయోగక్రియ పాఠం ఒకసారి శ్రద్ధగా చదివాక పుస్తకం మూసి, తెల్లకాగితం మీద ఆ క్రియ ఎక్కడ జరుగుతుంది, ఏ పదార్థాలు కావాలి, కాంతి చర్యలో ఏమవుతుంది, చివరికి ఏం తయారవుతుంది అన్నవి గుర్తున్నంత వరకు రాయాలి. ఆరు కార్బన్ డయాక్సైడ్ అణువులు, ఆరు నీటి అణువులు కలిసి ఒక గ్లూకోజ్ అణువు, ఆరు ఆక్సిజన్ అణువులు ఏర్పడతాయన్న సమీకరణం చాలామందికి గుర్తొస్తుంది. విడుదలయ్యే ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గర మాత్రం కలం ఆగుతుంది, లేదా కార్బన్ డయాక్సైడ్ నుంచి అని రాస్తుంది. అప్పుడు పుస్తకం తెరిచి, ఆ ఆక్సిజన్ నీటి నుంచి వస్తుందని చూసి, ఎర్ర కలంతో దిద్దుకోవాలి. ఆ కాగితం మీద ఎర్రగా ఉన్నంత మేరకే మర్నాడు చదవాల్సిన పాఠం. మిగతా పేజీలన్నీ మళ్లీ చదవనక్కర లేకపోవడమే ఈ పద్ధతి మిగిల్చే సమయం. మొదట్లో ఇది నెమ్మదిగా సాగుతున్నట్టు కనిపించినా, మూడో వారానికల్లా ముందున్నది ఎవరో తెలిసిపోతుంది.

అయితే చదవడానికి స్థానమే లేదని కాదు. పాఠం మొదటిసారి చదువుతున్నప్పుడు, లేదా తరగతిలో విన్నది అసలు అర్థం కానప్పుడు, తొందరపడి పుస్తకం మూయడం వల్ల ప్రయోజనం ఉండదు. అర్థం కానిదాన్ని గుర్తుచేసుకోబోతే వచ్చేవి పొంతన లేని మాటల ముక్కలే. అక్కడ నెమ్మదిగా చదవాలి, ఉపాధ్యాయుణ్ణి అడగాలి, చేసి చూపిన లెక్కను వరుస తర్వాత వరుస అనుసరించాలి. అర్థమయ్యాక మాత్రం మళ్లీ చదవడాన్ని వీలైనంత తగ్గించి, ఆ సమయాన్ని రాయడానికి ఇవ్వాలి. 2013లో డన్లోస్కీ, ఆయన సహ పరిశోధకులు పది చదువు పద్ధతులను సమీక్షించి, తనను తాను పరీక్షించుకోవడానికి, చదువును రోజుల మీద విస్తరించడానికి అత్యంత ఉపయోగకరమన్న స్థానం ఇచ్చారు. మళ్లీ చదవడం, గీతలు గీయడం, సారాంశం రాయడం తక్కువ ఉపయోగమున్న వరుసలో నిలిచాయి. విద్యార్థుల చేతుల్లో రంగురంగుల గీతలతో నిండిన పుస్తకాలు చూసినప్పుడు వారి శ్రమ మీద గౌరవం కలుగుతుంది, ఆ శ్రమ పోతున్న దారి చూస్తే బాధ కలుగుతుంది.

ఇక బట్టీ పట్టడం. దాన్ని పూర్తిగా తోసిపుచ్చడం సరికాదు. పద్యాలు, నిర్వచనాలు, సూత్రాలు, మూలకాల సంకేతాలు, సంధి సూత్రాలు మాట పొల్లుపోకుండా నోటికి రావాల్సిందే. కానీ పేజీన్నర వ్యాసరూప సమాధానాన్ని మొత్తంగా కంఠస్థం చేసినవారు, ప్రశ్నను కొద్దిగా మలుపు తిప్పి అడిగినా, మధ్యలో ఒక వాక్యం మరచిపోయినా ముందుకు కదలలేరు. పెద్ద సమాధానాలకు ఐదారు ముఖ్యాంశాల పేర్లు వరుసలో గుర్తుంచుకుని, వాక్యాలను సొంతంగా అల్లడం అలవాటు చేసుకోవాలి.

ఒకే బిగిన ముగించడమా, రోజుల తేడాతో తిరగేయడమా

1885లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షర సముదాయాలను తానే నేర్చుకుని, ఎంత వేగంగా మరచిపోతున్నాడో కొలిచి ప్రచురించాడు. ఒక రోజు గడిచేసరికే, మళ్లీ నేర్చుకోవడానికి పట్టే శ్రమలో దాదాపు మూడో వంతు మాత్రమే ఆదా అయ్యేది. అర్థమున్న పాఠాలను మనం అంత వేగంగా మరచిపోము గానీ, మరపు మొదటి రోజుల్లోనే ఎక్కువగా ఉంటుందన్న సంగతి పాఠాలకూ వర్తిస్తుంది. కాబట్టి ఒక అధ్యాయానికి మూడు గంటలు కేటాయించగలిగినప్పుడు, ఆ మూడింటినీ ఒకే సాయంత్రం ఖర్చు చేయడం కంటే, ఈరోజు గంటన్నర, మూడు రోజుల తర్వాత ముప్పావు గంట, పది రోజుల తర్వాత మరో ముప్పావు గంట ఇవ్వడం ఎంతో లాభం.

ఎంత తేడా ఉంచాలన్నది పరీక్ష ఎంత దూరంలో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. పరీక్షకు వారమే ఉంటే ఒకటి రెండు రోజుల విరామం చాలు. రెండు మూడు నెలలు ఉంటే వారం పది రోజుల విరామం తీసుకోవచ్చు. మళ్లీ ఆ అధ్యాయానికి వచ్చినప్పుడు కొంత మరచిపోయినట్టు అనిపిస్తే కంగారు పడనవసరం లేదు, ఎందుకంటే కాస్త మసకబారిన విషయాన్ని ప్రయత్నించి వెలికి తీసినప్పుడే అది గట్టిపడుతుంది.

ఒకే బిగిన చదవడానికి ఒక్క సందర్భంలో మాత్రం చోటుంది: అసలు ముట్టుకోని అధ్యాయం మిగిలిపోయి, పరీక్ష మర్నాడే అయినప్పుడు. అది గత్యంతరం లేక చేసే పని, దాన్ని ప్రణాళికగా పెట్టుకోకూడదు.

లెక్కల సాధన: అధ్యాయం వారీగానా, కలగలిపా

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే కష్టపడి చదివి కూడా గణితంలో మార్కులు కోల్పోయేవారిలో ఎక్కువమంది తడబడేది ఇక్కడేనని నా నమ్మకం. పాఠ్యపుస్తకంలో వర్గ సమీకరణాల అధ్యాయం చివర ఉన్న అభ్యాసంలో ఇరవై లెక్కలు వరుసగా చేసే విద్యార్థికి, ప్రతి లెక్కనూ వర్గ సమీకరణంతోనే సాధించాలని ముందే తెలుసు. అధ్యాయం పేరే ఆ సంగతి చెప్పేస్తోంది. అతడు సాధన చేస్తున్నది సాధించే మెట్లను మాత్రమే, ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోవడాన్ని కాదు. పరీక్షలో మొదట ఎదురయ్యేది ఆ తేల్చుకోవడమే.

రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక దీర్ఘచతురస్రాకార స్థలం పొడవు దాని వెడల్పు కంటే 5 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 84 చదరపు మీటర్లు అయితే కొలతలు ఎంత? అదే స్థలానికి వైశాల్యం బదులు చుట్టుకొలత 38 మీటర్లు అని ఇస్తే కొలతలు ఎంత? రెండింటికీ సమాధానం ఒక్కటే, వెడల్పు 7 మీటర్లు, పొడవు 12 మీటర్లు. మొదటి వాక్యం కూడా ఒక్కటే. కానీ మొదటిది వర్గ సమీకరణానికి దారి తీస్తుంది, రెండోది సాధారణ రేఖీయ సమీకరణంతో రెండు వరుసల్లో ముగుస్తుంది. వేర్వేరు అధ్యాయాల్లో, వేర్వేరు వారాల్లో వీటిని చేసిన విద్యార్థికి ఈ తేడా కంటపడే అవకాశమే రాదు. ఒకే పేజీలో ఎదురైనప్పుడు మాత్రం, లెక్క మొదలుపెట్టే ముందు ఇచ్చిన సమాచారం ఏమిటో చూడాలన్న అలవాటు దానంతట అదే పడుతుంది.

2007లో రోరర్, టేలర్ అనే పరిశోధకులు ఘనాకృతుల ఘనపరిమాణాలు కనుక్కునే లెక్కలతో ఈ రెండు పద్ధతులను పోల్చారు. సాధన సమయంలో ఒక్కో రకాన్ని విడివిడిగా చేసినవారు 89 శాతం సరిగ్గా చేస్తే, కలగలిపి చేసినవారు 60 శాతమే చేశారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మొదటివారు 20 శాతానికి పడిపోగా, రెండోవారు 63 శాతం సాధించారు. సాధనలో తప్పులు ఎక్కువ వస్తున్నాయని కలగలుపు పద్ధతిని వదిలేసే విద్యార్థులు ఈ అంకెలను ఒకసారి తీరిగ్గా చూడాలి.

నా సలహా ఏమిటంటే, కొత్త అధ్యాయం నేర్చుకునే రెండు మూడు రోజులు ఆ అధ్యాయం లెక్కలే చేయాలి. పద్ధతి చేతికొచ్చాక, రోజూ నాలుగైదు అధ్యాయాల నుంచి రెండేసి లెక్కలు చొప్పున చీటీల మీద రాసి, కలిపి, చేతికి వచ్చిన వరుసలో చేయాలి. భౌతికశాస్త్రం లెక్కలకూ, వ్యాకరణ అభ్యాసాలకూ ఇదే వర్తిస్తుంది. సాంఘికశాస్త్రం పాఠాలకు మాత్రం ఇంత కలగలుపు అవసరం లేదు. అక్కడ కారణాలు, ఫలితాలు ఒక క్రమంలో నడుస్తాయి కాబట్టి అధ్యాయాన్ని ముక్కలు చేస్తే కథే తెగిపోతుంది.

పాఠ్యపుస్తకమా, గైడా, పాత ప్రశ్నపత్రాలా

వీటిని ఒకదానికొకటి పోటీగా చూడటం వల్లే చిక్కు వస్తుంది. పాఠ్యపుస్తకం విషయానికి మూలం. ప్రశ్నలు దాన్ని దాటి వెళ్లవు గనుక ముందు అది పూర్తి కావాలి. గైడు సమాధానం ఎంత నిడివిలో, ఏ క్రమంలో రాయాలో చూపించే నమూనాగా పనికొస్తుంది, అంతకు మించి దాని మీద ఆధారపడితే పరీక్షలో మన మాటలు మనకు రావు. సొంత నోట్సు విషయంలో నా అభిప్రాయం కొంత కఠినంగానే ఉంటుంది: పుస్తకం చూస్తూ అందంగా ఎత్తిరాసిన నోట్సు కంటే, పుస్తకం మూసి రాసి, ఎర్ర కలంతో దిద్దిన చిత్తు కాగితమే ఎక్కువ విలువైనది.

పాత ప్రశ్నపత్రాలను చాలామంది చివరి వారానికి దాచుకుంటారు. నేనైతే ఒకదాన్ని మొదట్లోనే తీయమంటాను. మూడు నెలల ముందే ఒక పత్రం చదివితే ప్రశ్నలు ఏ రూపంలో వస్తాయో, పటాలు ఎంతవరకు అడుగుతారో, ఎంత లోతు కావాలో అర్థమై, ఆ తర్వాత చదువంతా ఆ చూపుతో సాగుతుంది. మధ్యలో కొన్నింటిని ప్రశ్నల వారీగా సాధనకు వాడుకుని, కనీసం రెండింటిని మాత్రం చూడకుండా దాచి, చివరి రెండు వారాల్లో గడియారం పెట్టుకుని ఒకే బిగిన పూర్తిగా రాయాలి. ఉదాహరణకు పత్రం మూడు గంటలది, వంద మార్కులది అనుకుంటే, చదవడానికి, చివర సరిచూసుకోవడానికి పావుగంట తీసేస్తే మిగిలేవి 165 నిమిషాలు. అంటే ఎనిమిది మార్కుల ప్రశ్నకు దక్కేది సుమారు 13 నిమిషాలు. ఇంట్లో అదే ప్రశ్నకు పాతిక నిమిషాలు తీసుకుంటున్న విద్యార్థికి ఆ సంగతి పరీక్ష రోజున తెలియడం కంటే ముందే తెలియడం ఎంతో మేలు. పాత పత్రాలను బట్టి ఈసారి ఏ ప్రశ్నలు వస్తాయో ఊహించి, మిగతా అధ్యాయాలు వదిలేయడాన్ని మాత్రం నేను ఎవరికీ సిఫారసు చేయను. ఆ ఊహ తప్పినప్పుడు పోయేది ఒక ప్రశ్న మాత్రమే కాదు, మిగతా పత్రం రాయాల్సిన ధైర్యం కూడా పోతుంది.

ఒంటరిగానా, స్నేహితులతోనా

మొదటిసారి నేర్చుకోవడం, చూడకుండా రాయడం ఒంటరిగా చేయాల్సిన పనులు. ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కోవడం, అర్థం కానిది మరొకరికి వివరించడం ఇద్దరు ముగ్గురు కూర్చుని చేస్తే బాగుంటాయి. నలుగురిని మించితే చదువు కబుర్లలోకి జారుతుంది. ట్యూషన్ విషయానికొస్తే, ఒక సబ్జెక్టులో పునాదులే లేనప్పుడు దానికి మించిన సాయం లేదు. అన్ని సబ్జెక్టులకూ పెట్టుకుంటే, విన్నదాన్ని సొంతంగా సాధన చేయడానికి సమయమే మిగలదు.

రాత్రి మేల్కోవడమా, తెల్లవారుజామున లేవడమా

తెల్లవారుజామున చదివిందే బాగా గుర్తుంటుందన్న మాటను మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఉదయం ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, అది నిజమైన సౌకర్యమే. కానీ కౌమార వయసులో శరీర గడియారం సహజంగానే కొంత ఆలస్యానికి జరుగుతుంది; రాత్రి పదకొండుకు ముందు నిద్ర పట్టని పిల్లవాణ్ణి నాలుగింటికి లేపితే అతడికి దక్కేది ఐదు గంటల నిద్రే. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో సిఫారసు చేసింది. పగలు చదివింది జ్ఞాపకంలో కుదురుకోవడానికి నిద్ర తోడ్పడుతుంది కాబట్టి, నిద్రను కోసి చదివిన గంట లాభంగా కనిపించే నష్టం. రాత్రి త్వరగా నిద్రపోగలిగేవారు తెల్లవారుజామును ఎంచుకోవచ్చు, మిగతావారు రాత్రి పదిన్నర వరకు చదివి ఏడింటికి లేవడంలో తప్పేమీ లేదు. తల్లిదండ్రులు ఈ ఒక్క విషయంలో పిల్లల శరీర స్వభావాన్ని గమనించి, పక్కింటి పిల్లలతో పోలిక మానుకుంటే ఇంట్లో సగం గొడవలు తగ్గుతాయి. రెండు వేళల్లో దేన్ని ఎంచుకున్నా ఫోను మరో గదిలో ఉండాలి.

మిగిలిన సమయాన్ని బట్టి

మూడు నెలలుంటే బలహీనంగా ఉన్న సబ్జెక్టుతో మొదలుపెట్టండి. తొంభై మార్కులు వచ్చే సబ్జెక్టులో మరో నాలుగు పెంచుకోవడానికి పట్టే శ్రమతో, నలభై వచ్చే సబ్జెక్టులో పదిహేను పెంచుకోవచ్చు. అయినా విద్యార్థులు ఇష్టమైన పుస్తకాన్నే మళ్లీ మళ్లీ తెరుస్తారు, ఎందుకంటే అందులో తమకు ధైర్యం దొరుకుతుంది. రోజులో మొదటి గంటన్నర బలహీన సబ్జెక్టుకు, మనసు అలసిన సాయంత్రం వేళ ఇష్టమైనదానికి ఇస్తే రెండూ సాగుతాయి.

నెల రోజులే ఉంటే కొత్త పుస్తకాలు, కొత్త గైడులు తెరవకండి. ప్రతి సబ్జెక్టులోనూ అధ్యాయాల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, చూడకుండా రాయగలిగినవి, సగం వచ్చినవి, అసలు రానివి అని మూడు గుర్తులు పెట్టండి. ముందు సగం వచ్చినవాటిని పూర్తి చేయాలి, ఎందుకంటే తక్కువ శ్రమకు ఎక్కువ మార్కులు అక్కడే ఉన్నాయి. ఆ తర్వాత రానివాటిలో ఎక్కువ మార్కులున్న అధ్యాయాలు. పూర్తిగా వచ్చినవాటికి వారానికోసారి పది నిమిషాలు చాలు.

వారమే ఉంటే, సబ్జెక్టుకు ఒక పూర్తి పత్రం గడియారంతో రాయడం, ఎర్ర కలంతో దిద్దిన కాగితాలు తిరగేయడం, సూత్రాలు, పటాలు రోజూ ఒకసారి చూడకుండా వేయడం, ఇంతే. ఈ వారంలో నిద్ర వేళలను పరీక్ష సమయానికి తగ్గట్టు సర్దుకోవాలి. పరీక్ష ఉదయం అయితే ఆ వేళకే కూర్చుని రాయడం సాధన చేయాలి.

పరీక్షలు మొదలయ్యాక కూడా ఒక ఎంపిక మిగులుతుంది: రాసి వచ్చిన పత్రాన్ని సరిచూసుకోవడమా, దాన్ని అక్కడే వదిలేయడమా. హాలు బయట గుమిగూడి సమాధానాలు పోల్చుకున్నందువల్ల ఒక్క మార్కు కూడా మారదు, కానీ రెండు మార్కుల తప్పు గురించిన దిగులు ఆ సాయంత్రాన్నంతా తినేస్తుంది. తర్వాతి పత్రం కూడా అదే సబ్జెక్టు రెండో భాగం అయితే, సమయం చాలక వదిలేసిన ప్రశ్నలు ఎన్నో, ఏ రకం ప్రశ్నకు అనుకున్నదాని కంటే ఎక్కువసేపు పట్టిందో ఐదు నిమిషాల్లో రాసుకోవడం పనికొస్తుంది. వేరే సబ్జెక్టు అయితే ఆ ప్రశ్నపత్రాన్ని మడిచి, ఫలితాలు వచ్చేదాకా కనపడని చోట పెట్టి, భోజనం చేసి, గంటసేపు విశ్రాంతి తీసుకుని, తర్వాతి పరీక్ష కాగితాలు ముందు వేసుకోవాలి.